విరామ వేళ : గాలముల లెక్క

సెలవు దినములలో తీరిక సమయమును సద్వినియోగము చేసుకొనే మార్గములను గురించి ఈ శీర్షికలో ముచ్చటించుకొనుట మనకు అలవాటే. గాలపు వేటను గురించి కూడ ఒకసారి వ్రాయవలసినదిగా కొందరు సహోద్యోగులు చాలా కాలము నుండి కోరుతున్నారు. వారి కోరిక ఇన్నాళ్ళకు తీర్చగలుగుతున్నాము.

గాలపు వేట అనగానే అందరికీ గుర్తుకు వచ్చేవి పొడవాటి కర్ర, నీటిపై తేలే బెండు, గంటల తరబడి కూర్చునే ఓపిక. మేము వ్రాయబోయేది వీటిని గురించి కాదు. సంచి అడుగున పడి ఉండే చిన్న చిన్న సామాను గురించి. గాలములు, సీసపు గుండ్లు, దారము మెలిపడకుండా తిరిగే స్వివెళ్ళు, బెండ్లు, దారపు ముక్కలు. వీటిని ఎందులో పెట్టవలెను, ఎట్లా మోయవలెను, ఎట్లా తిరిగి ఇంటికి తేవలెను అన్నదే ఈ నెల విషయము. ఇంత చిన్న విషయమునకు ఇన్ని పేజీలా అని అనిపించవచ్చును. మాకు కూడ ఒకప్పుడు అట్లాగే అనిపించేది. ఆ అభిప్రాయము ఎట్లా మారినదో మొదట చెప్పి, తరువాత అసలు సంగతికి వస్తాము.

ఊరగాయ గిన్నె

పన్నెండు సంవత్సరముల క్రిందటి మాట. మా క్వార్టరుకు రెండు కిలోమీటర్ల దూరములో ఒక చెరువు ఉన్నది. ఆ చెరువులో చేపలపై హక్కు ఉన్న మత్స్యకారుల సహకార సంఘము వారి అనుమతి తీసుకొని, ఆదివారములలో గట్టున కూర్చునేవారము. వెంట మూడు గిన్నెల స్టీలు క్యారియరు ఉండేది. క్రింది గిన్నెలో పెరుగన్నము, మధ్య గిన్నెలో కూర, పై గిన్నెలో ఊరగాయ కోసము మూత ఉన్న ఒక చిన్న గిన్నె.

భోజనము అయిన తరువాత ఆ చిన్న గిన్నె ఖాళీ అయ్యేది. దానిని చెరువు నీటితో తొలిచి, విడిగా పడి ఉన్న గాలములను అందులో వేసి మూత పెట్టుట మాకు అలవాటు. చాలా తెలివైన ఏర్పాటు అని కూడ అనుకొనేవారము. ఇంటికి రాగానే వాటిని తీసి మేకుకు తగిలించిన సంచిలో వేసేవారము.

ఒక ఆదివారము సాయంకాలము హఠాత్తుగా వాన వచ్చినది. సామాను అంతా ఆదరాబాదరాగా సర్దుకొని, తడిసి ముద్ద అయి ఇంటికి చేరాము. స్నానము చేసి, వేడి కాఫీ త్రాగి, పడక కుర్చీలో నడుము వాల్చాము. గిన్నె సంగతి మరచిపోయాము. మా శ్రీమతి క్యారియరును తొట్టిలో వేసి సబ్బు నీళ్ళు పోసినది. నురుగులో ఏదీ కనిపించదు. గిన్నె మూత ఊడినది. అడుగున చేయి పెట్టగానే ఆరవ నంబరు గాలము ఆమె చూపుడు వ్రేలిలో దిగినది.

ఆమె కేక వేయలేదు. "ఏమండీ, ఒకసారి ఇటు రండి" అని మాత్రము పిలిచినది.

గాలపు మొన వెనుక ఎదురు ముల్లు ఒకటి ఉంటుంది. లోపలికి దిగుటకు అది అడ్డు రాదు, వెనుకకు వచ్చుటకు మాత్రము ఒప్పుకోదు. చేపల నోటిలో ఆ ముల్లు పనితనమును ఇన్నేళ్ళుగా మెచ్చుకొన్న మేము, ఆ రోజు కంగారులో దానిని వెనుకకు లాగబోయాము. అది పెద్ద తప్పు. ఆమె ముఖము చూసి చేయి వదిలివేశాము. ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాము. డాక్టరుగారు వ్రేలికి మత్తు ఇచ్చి, మొనను ముందుకే నెట్టి చర్మము బయటకు తెచ్చి, ముల్లును కత్తిరించి, మిగిలిన కాడను వెనుకకు తీశారు. ధనుర్వాతము రాకుండా టీకా వేశారు. అంతా అరగంటలో ముగిసినది.

స్కూటరు మీద తిరిగి వస్తూ ఉండగా వెనుక నుండి ఆమె అడిగినది.

"ఆ గిన్నెలో ఎన్ని ఉన్నాయండీ?"

మేము సమాధానము చెప్పలేకపోయాము. ఎనిమిదో, పదో, పన్నెండో. ఎన్ని తీసుకొని వెళ్ళామో తెలియదు. నీటిలో ఎన్ని తెగిపోయినవో తెలియదు. గిన్నెలో ఎన్ని వేశామో అసలే తెలియదు.

"అయితే తొట్టిలో ఇంకా ఎన్ని ఉన్నాయో కూడా తెలియదన్న మాటేగా" అన్నది ఆమె. కోపముగా అనలేదు. అందుకే మాకు మరింత కష్టముగా తోచినది.

ఆ రాత్రి పది గంటల వరకు టార్చి లైటు, పాత స్పీకరు నుండి తీసిన అయస్కాంతము పట్టుకొని తొట్టి, జాలి, క్రింది గొట్టము, వంటింటి మూలలు అన్నీ వెదికాము. ఏడు గాలములు దొరికినవి. ఏడే ఉన్నవా, ఇంకొకటి ఉన్నదా అన్నది ఎవరూ చెప్పలేరు. అప్పటికి మా అమ్మాయికి ఆరు సంవత్సరములు. పదిహేను రోజుల పాటు దానిని వంటింటి గడప దాటనివ్వలేదు. మంచినీళ్ళు కావలెనన్నా గుమ్మము దగ్గరే నిలబడి అడిగేది.

వ్రేలికి తగిలిన గాయము వారము రోజులలో మానినది. లెక్క తెలియని ఆ ఒక్క గాలము మాత్రము చాలా రోజులు మా ఇంట్లోనే ఉన్నట్లు ఉండేది.

మనకు తెలిసిన విద్యయే

మన కర్మాగారములో టర్బైను ఓవర్‌హాలు జరిగేటప్పుడు ఏమి చేస్తామో పాఠకులలో చాలామందికి తెలుసు. పైమూత తీసిన తరువాత ఆ ఆవరణలో ప్రవేశించే ప్రతి మనిషీ జేబులు ఖాళీ చేయవలెను. లోపలికి వెళ్ళే ప్రతి స్పానరు, ప్రతి టార్చి లైటు, చివరికి తుడిచే గుడ్డ కూడ రిజిస్టరులో వ్రాయబడవలెను. పని ముగిసిన తరువాత లోపలికి వెళ్ళినవి, బయటకు వచ్చినవి సరిచూస్తారు. ఒక్క నట్టు తేడా వచ్చినా మూత బిగించరు. నిమిషమునకు మూడు వేల చుట్లు తిరిగే యంత్రములో ఒక చిన్న ఇనుప ముక్క ఎంత నష్టము చేయగలదో మనకు ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు. శస్త్రచికిత్సలు జరిగే గదులలో కూడ ఇదే పద్ధతి. కుట్లు వేసే ముందు పరికరములు, దూది మడతలు లెక్కపెడతారు.

పద్దెనిమిది సంవత్సరములు ఆ రిజిస్టరులో సంతకము పెట్టిన మనిషి ఆదివారము వచ్చేసరికి గాలములను ఊరగాయ గిన్నెలో గుప్పెడు పోసుకొని వెళ్ళినాడు. ఇంతకంటె మమ్ములను మేము నిందించుకొనుటకు మాటలు లేవు. గాలపు సామానుకు పెట్టె ఎందుకు కావలెను అనే ప్రశ్నకు మాకు సమాధానము ఆనాడే దొరికినది. సామాను వెంటనే చేతికి అందుట, తుప్పు పట్టకుండుట, చిక్కు పడకుండుట ఇవన్నీ మంచివే. కాని పెట్టె ముఖ్య ప్రయోజనము లెక్క చూపుట. ఎన్ని వెళ్ళినవో, ఎన్ని వచ్చినవో, రానివి ఎక్కడ ఉన్నవో మూత తెరిచిన క్షణములో తెలియవలెను.

పెద్దల శ్రద్ధ

గాలపు వేట పనిలేనివారి వ్యాపకము అని కొందరు తేలికగా మాట్లాడుతారు. కల్యాణి రాజధానిగా పాలించిన పశ్చిమ చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసములో మత్స్యవినోదమునకు ఒక అధ్యాయమే కేటాయించినాడు. చేపల జాతులను, వాటికి వేయవలసిన ఆహారమును, గాలపు కర్రను, దారమును గురించి అందులో వివరములు ఉన్నవి. ప్రసిద్ధ మత్స్య శాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో ఆ అధ్యాయమును గురించి వ్యాసము వ్రాసి శాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చారు.

ఇంగ్లండులో 1496లో అచ్చయిన గాలపు వేట పుస్తకములో సూదులను ఎర్రగా కాల్చి, వంచి, గాలములు చేసుకొనే విధానము ఉన్నది. ఒక్కొక్క గాలమును స్వహస్తములతో చేసుకొనే కాలములో వాటిని ఎవరూ గుప్పెడు పోసి పారవేసి ఉండరు. మన దేశమునకు వస్తే, మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో భారతదేశపు గాలపు వేటపై ఒక గ్రంథమును, 1887లో చెరువులలో వేటపై ప్రత్యేకముగా మరొక గ్రంథమును ప్రచురించినాడు. నదుల వైభవము మాత్రమే కాక, మన ఊరి చెరువు కూడ ఒక పుస్తకమునకు తగిన విషయమే అని ఆయన గుర్తించినాడు.

నేడు గాలములు వందల లెక్కన పొట్లములలో వస్తున్నవి. చౌకగా దొరికే వస్తువును లెక్కపెట్టే అలవాటు మనకు పోయినది. ధర తగ్గినంత మాత్రాన మొన వాడి తగ్గలేదు.

నంబర్ల సంగతి

లెక్క వ్రాయుటకు ముందు గాలముల నంబర్లు తెలియవలెను. క్రొత్తవారిని ఇవి తికమక పెడతాయి. అంకె పెరిగిన కొద్దీ గాలము చిన్నదవుతుంది. 12 కంటె 8 పెద్దది, 8 కంటె 4 పెద్దది. 1 దాటిన తరువాత 1/0, 2/0, 3/0 అని పెరుగుతూ పోతుంది. మన ఎలక్ట్రికల్ విభాగము వారికి ఇది వెంటనే అర్థమవుతుంది. రాగి తీగల గేజి నంబర్లు కూడ ఇదే వరుసలో నడుస్తాయి.

చెరువులో ఒక రోజు వేటకు మేము తీసుకొని వెళ్ళేవి మొత్తము ఇరవై నాలుగు గాలములు. చిన్న పరిగెల కోసము 12వ నంబరువి పది. జెల్లలు, శీలావతి వంటి వాటి కోసము 8వ నంబరువి ఆరు, 4వ నంబరువి ఆరు. కొర్రమీను పడగలదనే ఆశతో 1/0 నంబరువి రెండు. అంతకు మించి మోసుకొని వెళ్ళిన రోజు కూడ అవి పెట్టెలోనే ఉండి తిరిగి వచ్చినవి. పదిమందికి సరిపడే సామాను ఒక్కరు మోయుట వేట కాదు, కూలి.

పోపుల పెట్టె పాఠము

ఆ ప్రమాదము తరువాత మేము మొదట ఎన్నుకొన్నది అటకపై పడి ఉన్న పాత పోపుల పెట్టెను. ఏడు గిన్నెలు, ఒక మూత. ఆవాలు, జీలకర్ర, మెంతులు ఉండవలసిన చోట గాలములు, స్వివెళ్ళు, గుండ్లు ముచ్చటగా అమరినవి. స్కూటరు ముందు భాగమున పెట్టుకొని బయలుదేరాము. గట్టు మీదకు చేరి మూత తీసేసరికి ఏడు గిన్నెలూ ఖాళీ. సామాను అంతా పెట్టె అడుగున ఒకే కుప్పగా కలిసి ఉన్నది.

ఇంటికి వచ్చి చెప్పగా మా శ్రీమతి నవ్వినది. "పోపుల పెట్టె పొయ్యి పక్కన కూర్చునేదండీ, స్కూటరు మీద తిరిగేది కాదు. ఇంకొక మాట. గాలాలు పెట్టిన ఆ పెట్టె మళ్ళీ నా వంటింటి గడప తొక్కకూడదు."

రెండు మాటలూ సూత్రప్రాయమైనవే. పోపుల పెట్టెలో గిన్నెల అంచులకు, మూతకు మధ్య ఖాళీ ఉంటుంది. కదలని చోట అది లోపము కాదు, కదిలే చోట లోపము. కనుక గాలపు పెట్టెను కొనేటప్పుడు మొదట చూడవలసినది గదుల అడ్డుగోడలు మూతకు పూర్తిగా ఆనుతున్నవా అన్నది. నాలుగు ఆవగింజలు వేసి, మూత బిగించి, తలక్రిందులు చేసి ఊపి చూస్తే తెలిసిపోతుంది. ఒక గదిలోని గింజ మరొక గదిలోకి పోకూడదు.

రెండవది, మూత పారదర్శకముగా ఉండవలెను. తెరవకుండానే లోపల ఏమి ఉన్నదో కనబడితే తెరిచే సందర్భములు తగ్గుతాయి, జారిపడే సందర్భములు కూడ తగ్గుతాయి. మూడవది, గడియ గట్టిగా ఉండవలెను. చేతి నుండి జారి క్రింద పడినా తెరుచుకోకూడదు. నాలుగవది, ఎడమ అరచేతిలో ఇమడవలెను. కుడి చేతిలో దారము ఉంటుంది కదా.

కెమెరాలలో రీళ్ళు వాడిన కాలములో ఆ ఫిల్ము డబ్బీలు ఈ పనికి ఎంతో బాగుండేవి. నేడు అవి అరుదు. హోమియో మందుల చిన్న సీసాలు, బిగుతు మూత ఉన్న మాత్రల డబ్బీలు ఆ లోటు తీరుస్తాయి. గాజు సీసాలు గట్టుపై పగిలే ప్రమాదము ఉన్నది గనుక ప్లాస్టిక్‌వే మేలు. మందు పేరు ఉన్న కాగితమును పూర్తిగా తొలగించి, గాలముల వివరము వ్రాసి అంటించుట మరువరాదు. మెత్తటి ప్లాస్టిక్‌తో చేసిన కృత్రిమ ఎరలు వాడేవారికి ఒక సూచన. వాటిలోని రసాయనము కొన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలను మెత్తబరచి అంటుకొనిపోతుంది. వాటిని కొన్న సంచిలోనే ఉంచుట క్షేమము.

కట్టి ఉంచిన గాలముల సంగతి వేరు. గట్టున కూర్చుని వణికే చేతులతో ముడి వేయుట కంటె, ఇంటి వద్దనే గాలమునకు మూరెడు దారము కట్టి సిద్ధము చేసుకొనుట మంచిది. అయితే వాటిని విడిగా వేస్తే పది నిమిషములలో పక్షి గూడు తయారవుతుంది. బెంగాల్ నుండి బదిలీపై వచ్చిన ఒక సహోద్యోగి చదునైన వెదురు బద్దకు రెండు చివరల గంట్లు పెట్టి, ఒక్కొక్క దారమును విడివిడిగా చుట్టి తెచ్చేవారు. చూసి మేమూ నేర్చుకొన్నాము. మా శ్రీమతి పాత ఖాకీ ప్యాంటు గుడ్డతో ఎనిమిది అరలు ఉన్న చుట్ట సంచి ఒకటి కుట్టి ఇచ్చినది. ఒక్కొక్క అరలో ఒక్కొక్క బద్ద. చుట్టి నాడా కడితే కూరగాయల సంచిలో కూడ ఇముడుతుంది. ఏ అర ఖాళీగా ఉన్నదో విప్పగానే కనబడుతుంది. ఆ కుట్టుపని అంతా గాయమైన వ్రేలితోనే జరిగినదని ఇక్కడ వ్రాయుట మా విధి.

ఏది ఎక్కడ

సామానును మూడు భాగములుగా విభజించుకొనుట మంచిదని మా అనుభవము. మాటిమాటికీ కావలసినవి ఒంటి మీద ఉండవలెను. దారము కత్తిరించుటకు గోళ్ళ కత్తెర, చేప నోటి నుండి గాలము తీయుటకు సన్నని మొన ఉన్న ఫోర్సెప్స్. ఈ రెండూ నాడాకు కట్టి మెడలో వేసుకోవచ్చును. గంటకు ఒకసారి కావలసినవి భుజము సంచిలో ఉండవలెను. గాలముల పెట్టె, గుండ్ల డబ్బీ, బెండ్లు, చుట్ట సంచి. అవసరము పడునో లేదో తెలియనివి ఇంట్లోనే ఉండవలెను. ఒంటి మీద గాలము మాత్రము ఎన్నడూ వద్దు. చొక్కా జేబు, టోపీ అంచు, పంటి బిగువు ఇవేవీ గాలమునకు స్థానములు కావు. చొక్కా ఉతికేవారికి జేబులో ఏమి ఉన్నదో తెలియదు.

హిమాచల్ ప్రదేశ్‌లో పనిచేసే మన మిత్రులు ట్రౌటు చేపల కోసము ఈక, దారములతో చేసిన కృత్రిమ ఈగలు వాడుతారు. అక్కడ లైసెన్సు తప్పనిసరి, శీతాకాలములో వేటకు విరామము. ఆ ఈగల పెట్టెలో గంట్లు పెట్టిన స్పాంజి పలక ఉంటుంది. ఒక్కొక్క గంటులో ఒక్కొక్క గాలము గుచ్చి ఉంటుంది. ఖాళీ గంటు కనబడితే ఒక గాలము బయట ఉన్నదన్న మాట. లెక్కను కంటికి చూపించే పెట్టెకు ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు. అయితే తడి గాలమును స్పాంజిలో గుచ్చితే తేమ అక్కడే నిలిచి తుప్పు పడుతుంది. ఆరనిచ్చి గుచ్చవలెను.

మహసీరు చేపలను పట్టి తిరిగి నీటిలో విడిచిపెట్టేవారు గాలపు ఎదురు ముల్లును పటకారుతో నొక్కి అణచివేస్తారు. చేపకు గాయము తక్కువ, గాలము తీయుట సులభము. కావేరీ నదికి చెందిన మూపురపు మహసీరును 2018లో అత్యంత ప్రమాదములో ఉన్న జాతిగా ప్రకటించిన తరువాత ఈ జాగ్రత్తకు ప్రాధాన్యము మరింత పెరిగినది. చేప కోసము చేసే ఆ పని మనిషికి కూడ మేలు. ముల్లు అణచిన గాలము వ్రేలిలో దిగినా దిగిన దారినే వెనుకకు వస్తుంది. మేము ఇప్పుడు వాడే గాలములన్నీ అటువంటివే. చేపలు కొన్ని తప్పించుకొంటున్న మాట నిజము. ఆ నష్టమును మేము సంతోషముగా భరిస్తున్నాము.

తుప్పు, సీసము, దారము

వాడిన గాలమును క్రొత్తవాటితో కలపరాదు. తడి గాలము ఒకటి చాలు, గది మొత్తము తుప్పు పట్టుటకు. తడివాటికి వేరే డబ్బీ ఉంచి, ఇంటికి వచ్చి కాగితముపై ఆరబెట్టి, తుడిచి, అప్పుడే వాటి గదిలో వేయవలెను. పెట్టె మూలలో ఒక సుద్దముక్క కాని, మందు సీసాలలో వచ్చే సిలికా జెల్ పొట్లము కాని ఉంచితే తేమను పీల్చుకొంటుంది.

సీసపు గుండ్లను పంటితో కొరికి దారమునకు బిగించే దురలవాటు మన చెరువు గట్లపై చాలా చోట్ల చూస్తూ ఉంటాము. సీసము విషము. పటకారు వాడవలెను. గుండ్లు పట్టిన చేతిని సబ్బుతో కడిగిన తరువాతనే అన్నము డబ్బా ముట్టవలెను. పాత బ్యాటరీల సీసమును ఇంట్లో గరిటెలో కరిగించి గుండ్లు పోసుకొనుట మరింత ప్రమాదకరము. ఆ పొగ, ఆ ధూళి మొదట పట్టేది పిల్లలకే. చిన్న సీసపు గుండ్లను మ్రింగి హంసలు చనిపోతున్నందున బ్రిటన్‌లో 1987 నుండి వాటి అమ్మకమును నిషేధించారు. చెరువు వేటకు చిన్న ఇనుప నట్లు, వాషర్లు కూడ చక్కగా పనిచేస్తాయి. అవి బజారులో కొన్నవే అయి ఉండవలెనని, మన స్టోర్సువి కావని ప్రత్యేకముగా మనవి.

నైలాను దారమును ఎండలో వదలరాదు. ఎండకు అది బలము కోల్పోతుంది, పెద్ద చేప పడిన రోజుననే తెగుతుంది. తెగిన ముక్కలను గట్టున పారవేయరాదు. అవి కుళ్ళవు. కొంగల కాళ్ళకు, రెక్కలకు చుట్టుకొంటాయి. ముక్కలన్నీ ఒక సీసాలో కూర్చి ఇంటికి తెచ్చి, అంగుళము ముక్కలుగా కత్తిరించి పారవేయవలెను.

గట్టున, ఇంటి వద్ద

బయలుదేరేటప్పుడు పెట్టె మూత లోపల అంటించిన చీటీ చూసి గాలములు లెక్కపెట్టవలెను. మా చీటీలో మొత్తము 24. గట్టున కూర్చున్న చోట ఒక తెల్లని తువ్వాలు పరచుకొని, దానిపైననే పెట్టె తెరవవలెను. జారిన గాలము గడ్డిలో కనబడదు, తెల్లని గుడ్డపై కనబడుతుంది. ఒక చిన్న అయస్కాంతము సంచిలో ఉంటే ఉక్కు గాలములను వెదికి పట్టుకొంటుంది. ఇత్తడి స్వివెళ్ళకు, సీసమునకు, కొన్ని రకముల స్టెయిన్‌లెస్ స్టీలుకు అది పనిచేయదని గుర్తుంచుకోవలెను.

నీటిలో తెగిపోయిన ప్రతిసారీ చీటీపై ఒక గీత గీయవలెను. లేచేటప్పుడు లెక్క చూడవలెను. నీటిలో పోయినవి 2, విరిగినది 1, పెట్టెలో 21. మొత్తము 24. లెక్క సరిపోయినది, ఇంటికి వెళ్ళవచ్చును. పెట్టెలో 20 మాత్రమే ఉన్నవనుకొందాము. అప్పుడు లేవరాదు. చీకటి పడుతున్నా, వాన వస్తున్నా ఆ ఒక్కటి దొరికే వరకు తువ్వాలు, గడ్డి, చెప్పుల అడుగులు వెదకవలెను. ఆ గట్టు మీద రేపు ఉదయము గేదెలను తోలుకొని వచ్చే పిల్లవాడికి చెప్పులు ఉండవు.

విరిగిన, తుప్పు పట్టిన గాలములను చెత్తబుట్టలో వేయరాదు. మన టౌన్‌షిప్‌ను శుభ్రము చేసేవారు ఆ చెత్తను చేతితోనే ఎత్తవలసి వచ్చును. మర మూత ఉన్న ఒక దళసరి ప్లాస్టిక్ సీసాలో అవన్నీ వేసి, సీసా నిండిన తరువాత పాత ఇనుము కొనేవారికి సంగతి చెప్పి ఇవ్వవలెను. మా సీసా పన్నెండు సంవత్సరములలో ఇంకా సగము కూడ నిండలేదు.

ఇంత జాగ్రత్త తరువాత కూడ గాలము గుచ్చుకొంటే, ముల్లు ఉన్నదానిని వెనుకకు లాగరాదు. దారమును కత్తిరించి, గాలము కదలకుండా గుడ్డ చుట్టి, ఆసుపత్రికి వెళ్ళవలెను. కంటి వద్ద, మెడ వద్ద గుచ్చుకొంటే అసలు ముట్టరాదు. ధనుర్వాతపు టీకా విషయము డాక్టరుగారిని తప్పక అడగవలెను.

చివరి మాట

మా అమ్మాయి ఇప్పుడు ఇంజనీరింగు చదువుతున్నది. సెలవులలో ఇంటికి వచ్చినప్పుడు మాతో చెరువుకు వస్తుంది. చేపలపై దానికి అంత ఆసక్తి లేదు కాని, లేచే ముందు పెట్టె తీసుకొని లెక్క చూచుట తన పని అని పట్టుపడుతుంది. మొన్న వేసవిలో ఒకనాడు ఒకటి తక్కువ వచ్చినది. సూర్యాస్తమయము అయినది. దోమలు మొదలైనవి. మేము విసిగి, "పోనీలే అమ్మా, నీళ్ళలో పోయి ఉంటుంది" అన్నాము.

"అట్లా అయితే చీటీ మీద గీత ఉండాలి కదా నాన్నా. గీత లేదు" అన్నది. టార్చి లైటు వేసి వెదికి, తువ్వాలు మడతలో ఇరుక్కొన్న 12వ నంబరు గాలమును తీసి పెట్టెలో వేసి మూత బిగించినది.

ఆ రోజు ఒక్క చేప కూడ పడలేదు. ఇంటికి వచ్చి క్యారియరు తొట్టిలో పెట్టగానే మా శ్రీమతి ఏమీ అడగకుండా సబ్బు నీళ్ళలో చేయి పెట్టినది.

గాలపు సామాను సర్దుకొనుటలో పాఠకుల స్వానుభవములు ఏవైనా ఉంటే మాకు వ్రాసి పంపగలరు. ముఖ్యమైనవాటిని ఈ శీర్షికలోనే ప్రస్తావిస్తాము. వచ్చే సంచికలో మరొక వ్యాపకముతో కలుసుకొందాము. అంతవరకు సెలవు.